ముద్ర మీద పొర

జిరాక్సాయన చేతిలో పడ్డ కాగితం పాడైందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు. బస్టాండు వెనక సందులో, మందుల షాపుకీ దర్జీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆయన షాపు. జిరాక్సులు తీసేటప్పుడు ఆయన పదిమందితో పది కబుర్లు చెప్పేవాడు. లామినేషన్ మిషను ముందుకొచ్చేసరికి మాత్రం నోరు కట్టేసుకునేవాడు. పల్చటి ప్లాస్టిక్ ఫిల్ముల మధ్య కాగితాన్ని పెట్టి, చిటికెన వేలితో నాలుగు మూలలూ సర్ది, ఊపిరి బిగబట్టి మిషన్లోకి పంపేవాడు. అవతలి నుంచి వేడివేడిగా, అద్దంలా మెరుస్తూ వచ్చిన కాగితాన్ని గాల్లో ఒకసారి ఆడించి, "ఇంక దీనికి చావు లేదు, పోండి," అనేవాడు.

ఆయన జిరాక్సాయన కాబట్టి ఆవిడ జిరాక్సమ్మ. పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు వింటే మూతి ముడుచుకునేది. "నన్ను చూస్తే ఎవరికో నకలులా ఉన్నానా?" అని మొగుడి మీద విరుచుకుపడేది. ఇప్పుడు కూరలబండి అతను "జిరాక్సమ్మగారూ" అనకపోతే, వేరెవరినో పిలుస్తున్నాడనుకుని తలుపు తియ్యదు.

ఆ ఇంట్లో లామినేట్ కాని వస్తువు వెతికి పట్టుకోవాలి. పెళ్ళి ఫోటో, కుక్కరు గ్యారంటీ కార్డు, కూతురు ఒకటో తరగతిలో గీసిన ఏనుగు, అత్తగారి మందుల చీటీ. అత్తగారు పోయి చాలా కాలమైనా ఆ చీటీ మాత్రం నిన్న రాసినట్టే ఉంది. "నేను కాస్త కదలకుండా కూర్చుంటే నన్నూ ఆ మిషన్లోకి తోసేస్తారే మీ నాన్న," అని జిరాక్సమ్మ కూతురితో అంటూ ఉండేది.

కూతురి ముద్దుపేరు పిచ్చుక. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆ పేరు పెట్టారు. మాటలొచ్చాక నోరు మూతపడకపోవడంతో ఆ పేరు ఖాయమైపోయింది. ఫిజియోథెరపీ చదవాలని దాని పట్టుదల. ఇక్కడి కాలేజీల్లో సీటు దొరక్క, పక్క దేశంలో కాలేజీ చూసుకుని వెళ్ళింది. నాలుగేళ్ళ చదువులో రెండేళ్ళు పూర్తి చేసింది. మూడో ఏడు మొదలవుతుందనగా ఆ కాలేజీ యజమానులైన అన్నదమ్ములు కొట్టుకుని కోర్టుకెక్కారు, గుర్తింపు రద్దయింది, గేటుకి తాళం పడింది. తాళం పడేముందు ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ పిల్లలందరినీ పిలిచి, తలా ఒక సీలు వేసిన కవరు చేతిలో పెట్టిందట. అందులో చదివిన సబ్జెక్టులు, వాటి మార్కులు, ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని క్రెడిట్లని లెక్క, ఆసుపత్రిలో పనిచేసిన వివరం అన్నీ ఉంటాయి. వేరే కాలేజీకి మారాలంటే ఆ కవరే ఆధారం. ఆ కాలేజీవాళ్ళు చూసి, ఇన్ని క్రెడిట్లు ఒప్పుకుంటున్నాం అంటే, చదివిన రెండేళ్ళూ చదివినట్టే. లేదంటే లేనట్టే.

"మీరు తెరవకండి. చేరబోయే కాలేజీవాళ్ళే తెరవాలి. ఇంకోటి ఇవ్వడానికి రేపు నేనిక్కడ ఉండను," అని కూడా చెప్పిందట ఆవిడ.

ఆ మాట పిచ్చుక తల్లికి చెప్పి ఉంటే కథ వేరేలా ఉండేది. కానీ పిల్ల ఇల్లు చేరేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పెట్టె కింద పెట్టి, కవరు తీసి తల్లి చేతికిచ్చి, "జాగ్రత్తమ్మా, నా రెండేళ్ళూ ఇందులోనే ఉన్నాయి," అని మంచమెక్కింది. వారం పాటు లేవలేదు.

జిరాక్సమ్మ కవరు తీసుకెళ్ళి బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. దాని మీద ఏదో అచ్చువేసి ఉంది గానీ అది ఆ దేశపు భాష, ఆమెకి చదవడం రాదు. వానలు పట్టుకున్న రోజులు. బీరువా వెనక గోడ చెమ్మెక్కింది. రెండోనాడు చీర తీయబోతే కవరు మూల మెత్తగా తగిలింది. మొగుడి దగ్గరికి పరిగెత్తి, "ఏవండీ, ఇటు చూడండి, తడిసిపోతోంది," అంది.

ఆయన కవరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు పెట్టే చోట్లు అలాగే ఉంటాయి. ఇలా ఇవ్వు, నేను చూసుకుంటాను," అన్నాడు.

ఆమె ఇచ్చేసింది. ఇరవై నాలుగు గంటలూ కాగితాలతో బతికే మనిషికి కాగితం ఇవ్వడంలో ఆలోచించడానికి ఏముంది?

*

పిచ్చుక కోలుకున్నాక ఊళ్ళో ఉన్న కాలేజీలో విచారించింది. ఆ ఏడాది మూడో సంవత్సరంలో నేరుగా చేర్చుకోవడానికి ఖాళీలున్నాయన్నారు. కాగితాలు తీసుకుని రమ్మన్నారు. వెళ్ళాల్సిన రోజు పొద్దున్న తల దువ్వుకుంటూ, "అమ్మా, నా కవరివ్వు," అంది.

జిరాక్సాయన ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. షాపుకి వెళ్ళకుండా ఏదో సాకుతో ఇంట్లోనే తచ్చాడుతున్నాడు. లోపల్నుంచి నీలం రంగు ఫైలు ఒకటి తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టాడు.

"తెరువు," అన్నాడు.

పిచ్చుక తెరిచింది. రెండేళ్ళ మార్కుల పత్రం, మందపాటి ఫిల్ములో, ఒక్క గాలిబుడగ లేకుండా, మిలమిలా మెరుస్తోంది.

"పెళ్ళి ఆల్బములకి వాడే ఫిల్ము అమ్మడూ. మామూలువాళ్ళకి వెయ్యను. నీళ్ళలో నానబెట్టినా నీ మార్కులకి ఏమీ కాదు. కవరు మూల తడిసిందిలే, లోపలికి చెమ్మ దిగలేదు. సమయానికి చూసింది మీ అమ్మ."

పిల్ల చేతిలో దువ్వెన కదలడం మానేసింది. మొహంలో నెత్తురు ఎక్కడికి పోయిందో. జిరాక్సమ్మ అది చూసింది, ఎందుకో తెలియకపోయినా ఏదో జరిగిందని గ్రహించింది. పిచ్చుక తండ్రి వంక చూసింది. ఆయన మొహం పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది.

"బాగుంది నాన్నా," అంది.

"అంతేనా?"

"చాలా బాగుంది. అసలు బుడగే లేదు."

"మరేమనుకున్నావ్ నాన్నంటే!" అని ఆయన చెప్పులు తొడుక్కుని, ఈల వేసుకుంటూ షాపుకి వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగేదాకా పిచ్చుక కిటికీ దగ్గరే నిలబడి చూసింది. అప్పుడు చెప్పింది తల్లికి, కవరు తెరవకూడదని.

*

అడ్మిషన్ల ఆఫీసులో అద్దం వెనక కూర్చున్న మేడమ్ వయసులో జిరాక్సమ్మంత ఉంటుంది. కళ్ళద్దాలకి తాడు కట్టి మెడలో వేసుకుంది. పత్రాన్ని కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూసింది. వెనక్కి తిప్పింది. బొటనవేలితో ముద్ర ఉన్న చోట మెల్లగా రాసింది.

"కవరేదమ్మా?"

పిచ్చుక కవరు కూడా తెచ్చింది. పక్క అంచున బ్లేడుతో, పీచు లేవకుండా కోసి ఉంది.

"ఎవరు తెరిచారు?"

పిచ్చుక నోరు తెరిచేలోగా జిరాక్సమ్మ, "నేనే మేడమ్," అంది. "తడిసిపోతుందేమోనని. చదువు లేనిదాన్ని, తెలియలేదు."

మేడమ్ కళ్ళద్దాల మీద నుంచి ఆమెని చూసింది. కసురుకోలేదు. కసురుకుని ఉంటే జిరాక్సమ్మకి సులువుగా ఉండేది.

"మీ పాత కాలేజీ ముద్ర సిరాతో వేసేది కాదమ్మా, కాగితంలోకి నొక్కేది. వేలు పెడితే ఉబ్బు తగలాలి. దీన్ని బట్టే అసలుదా నకలుదా చెబుతాం. దీని మీద ప్లాస్టిక్ వేశారు, కవరు తెరిచారు. మీరేదో మార్చారని నేను అనడం లేదు. కానీ మార్చలేదని నేను రాసివ్వలేను కదా."

"ఇంకో కాపీ తెప్పిస్తాం మేడమ్," అంది పిచ్చుక.

"వాళ్ళకి రాశావా?"

రాసింది. పొద్దున్న బస్సులోనే ఫోనులోంచి రాసింది. ఇప్పుడు ఫోను తీసి చూస్తే జవాబు కూడా వచ్చి ఉంది. కాలేజీ రికార్డుల గది కోర్టు ఆధీనంలో ఉంది, కేసు తేలాక దరఖాస్తు చేసుకోండి అని. కేసులో ఉన్నది అన్నదమ్ములు. అది ఎప్పటికి తేలుతుందో ఎవరికైనా తెలుసు.

మేడమ్ పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. "చూడమ్మాయ్. వచ్చే వారం కమిటీ ఉంది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ క్రెడిట్లన్నీ అందులోనే చూస్తారు. నీ సంగతి ప్రత్యేకంగా పెడతాను. ఇలాంటివి పరీక్షించే ఆయన ఒకరు వస్తారు. ప్లాస్టిక్ మీద నుంచే దీపం పెట్టి, ముద్ర అసలుదో కాదో చెప్పగలరు. ఇంతకుముందు ఒకరికి అలా ఒప్పుకున్నారు. ఇక్కడ ఒరిజినల్ ఉంచుకోకూడదు, ఆ రోజు మీరే పట్టుకురండి. ఒకటే మాట. ఇది ఎలా ఉందో అలాగే ఉండాలి. దీన్ని ఇంక ముట్టుకోకండి."

"ముట్టుకోం మేడమ్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఈ ఏడాది దాటితే మాత్రం నా చేతుల్లో ఉండదు. మధ్యలో చదువు ఎక్కువ కాలం ఆగితే పాత క్రెడిట్లు చెల్లవు."

బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఫైలు పిచ్చుక ఒళ్ళో ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, అదెక్కడికో ఎగిరిపోతుందన్నట్టు కూర్చుంది.

"నాన్నకి చెప్పకమ్మా," అంది.

"చెప్పనులే."

"ఒట్టు?"

"నాకు మాత్రం చెప్పాలని ఉందా? ఆయనకి తెలిస్తే అన్నం మానేస్తాడు. కమిటీవాళ్ళు సరే అంటే అసలు చెప్పాల్సిన పనే ఉండదు."

"ఆ మిషనంటే ఆయనకి ప్రాణం."

"మిషను కాదే, నువ్వు," అంది జిరాక్సమ్మ.

ఇంటికొచ్చాక ఆయన గుమ్మంలోనే అడిగాడు. "ఏమన్నారు? చూసి మురిసిపోయారా లేదా?"

"చాలా నీటుగా ఉందన్నారు నాన్నా. సబ్జెక్టులు సరిపోతాయో లేదో కమిటీ చూస్తుందట. వచ్చే వారం."

"సరిపోకేం. నువ్వు చదివింది చదువు కాదా?" అని ఆయన లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. భర్త ముందు అన్నం పళ్ళెం పెడుతూ జిరాక్సమ్మ అనుకుంది, మంచిపనే చేశాం అని. ఇంతకాలం కాపురంలో ఆయన దగ్గర దాచినవి చిన్నా చితకా ఎన్ని లేవు. ఎప్పుడూ ఏ కీడూ జరగలేదు.

*

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆమె క్యారేజీ తీసుకుని షాపుకెళ్ళింది. ఇన్సూరెన్సు ఏజెంటు బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నాడు. వీధిలో అందరికీ బాబాయే, అందర్నీ ఆటపట్టించేవాడే.

"ఏం జిరాక్సాయనా, మీ చేతి మహత్యం మావాడి కొంప ముంచింది తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"వాడు పై చదువుకి వెళ్తానంటే డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళాం. లామినేషన్ చేసింది తీసుకోం పొమ్మన్నారు! ముద్ర కనపడదట. మళ్ళీ యూనివర్సిటీ చుట్టూ తిరిగి కొత్తది తెచ్చుకున్నాం. మీ పుణ్యమా అని నా చెప్పులరిగిపోయాయి. మీరేమో దీనికి చావు లేదంటిరి, వాళ్ళేమో ఇది ఎప్పుడో చచ్చిందన్నారు!"

అని పగలబడి నవ్వాడు. పక్కన కాగితాలు పట్టుకున్న అమ్మాయి కూడా నవ్వింది. జిరాక్సాయన కూడా నవ్వబోయాడు. పెదవులు సగం దాకా వెళ్ళి ఆగిపోయాయి. తల తిప్పి పెళ్ళాం వంక చూశాడు. జిరాక్సమ్మ వెంటనే క్యారేజీ మూత విప్పడంలో పడింది. అదే ఆమె చేసిన తప్పు. అప్పుడు కళ్ళు తిప్పుకోకుండా ఉంటే, "అవునండీ, ఇంటికెళ్ళాక చెబుతాను, కంగారు పడకండి," అని ఒక్క ముక్క అని ఉంటే చాలు. కానీ బాబాయ్ ఉన్నాడు, ఆ అమ్మాయి ఉంది, పిల్లకి ఒట్టు వేసింది, ఆ పైన ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ పూట క్యారేజీ విప్పింది విప్పినట్టే వెనక్కి వచ్చింది. "ఆకలి లేదు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆమె అనుకుంది, గ్రహించలేదేమోలే అని. మనసుకి ఏది సుఖమో దాన్నే నమ్ముతాం కదా మనుషులం.

*

షాపుకి వారపు సెలవు రోజున తల్లీకూతుళ్ళు బజారుకి వెళ్ళారు. పిచ్చుకకి కమిటీ రోజున వేసుకోవడానికి మంచి చెప్పులు లేవు. తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గరే వాసన తగిలింది. ఇస్త్రీపెట్టె కింద పాలిస్టరు బట్ట అంటుకున్నప్పుడు వచ్చే వాసన.

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు మడతపెట్టిన దుప్పటి, దాని మీద పాత లుంగీ, లుంగీ మీద ఆ పత్రం. చేతిలో ఇస్త్రీపెట్టె. వేడి చేసి, ఒక మూల నుంచి ఫిల్ముని గోటితో లేపుతున్నాడు. దగ్గర దగ్గర సగం ఊడదీశాడు. కాగితం మీద అక్షరాలు ఉండాల్సిన చోట నూగులాంటి తెల్లటి మచ్చలున్నాయి. అక్షరాలు ఫిల్ముతో పాటు లేచిపోయి దానికి అతుక్కుని, ప్లాస్టిక్ మీద తిరగబడి కనిపిస్తున్నాయి. ముద్ర ఉన్న చోట కాగితం పై పొర చిరిగి, ఉల్లిపొరలా పైకి లేచింది.

ఇన్నేళ్ళలో ఆయన ఎంతమందికి చెప్పాడో, లామినేషన్ ఒకసారి పడితే బ్రహ్మ దిగొచ్చినా తీయలేడని. చెప్పినవాడే తీయబోయాడు.

"వచ్చేశారా," అన్నాడు, తల ఎత్తకుండా. "మెల్లగా వస్తోంది. ఈ మూల బాగానే వచ్చింది. పెట్టె కొంచెం ఎక్కువ కాలింది, అంతే."

పిచ్చుక చెప్పుల సంచీ వదిలేసి వెళ్ళి ప్లగ్గు లాగేసింది. ఆయన చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. ఆయన వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కాయి. ఆయనకది తెలిసినట్టు లేదు.

"ఆ ఒక్క మూలా తీస్తే అయిపోయేది. ప్లాస్టిక్ లేకపోతే తీసుకుంటారు కదా. నీకు తెలియకుండా సరిచేసి మళ్ళీ బీరువాలో పెట్టేద్దామనుకున్నాను."

"నాన్నా, దాన్ని అలాగే తీసుకుంటామన్నారు," అంది పిచ్చుక.

"ఏమిటి?"

"కమిటీకి అలాగే తెమ్మన్నారు. ప్లాస్టిక్ మీద నుంచే చూస్తామన్నారు. ముట్టుకోవద్దన్నారు."

ఆయన పెళ్ళాం వంక తిరిగాడు. ఇంతకాలంలో ఎప్పుడూ అలా చూడలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

జిరాక్సమ్మ వంగి, కింద పడిన చెప్పుల సంచీ తీసింది.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా? ఎద్దులా పనిచేస్తాను, ఎద్దునే అనుకున్నారా ఇద్దరూ? తిట్టినా బాగుండేది కదే. చెంప మీద కొట్టి చెప్పినా..." అని ఆగిపోయాడు. సగం ఊడిన ఫిల్ముని మళ్ళీ కాగితం మీద పరిచి, అరచేత్తో అదిమాడు. అక్షరాలు ఎక్కడివి అక్కడ కూర్చుంటాయేమో అన్నట్టు రెండు మూడు సార్లు అదిమాడు. పిచ్చుక ఆ చేతిని పట్టుకుని పైకి తీసింది.

"నేనే చెప్పొద్దన్నాను నాన్నా. అమ్మ తప్పు లేదు."

"ఎందుకు?"

"మీరు బాధపడతారని."

అది విని ఆయన నవ్వాడు. ఏడుపు రాని మనిషి నవ్వే నవ్వు అది. జిరాక్సమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొక్కులకి ఏం రాయాలో తోచక, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది. ఆ చల్లటి వెలుతురులో ఆమె మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ఆయన చేసిన తప్పు దిద్దుకోగలిగేదే. మేం చేసిన ఉపకారం దిద్దుకోలేనిది.

*

కమిటీ రోజున ముగ్గురూ వెళ్ళారు. ఆయన పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. అద్దం ముందుకి తనే ముందు వెళ్ళి, "మేడమ్, అప్పుడు కవరు తెరిచిందీ నేనే, ప్లాస్టిక్ వేసిందీ నేనే, ఇప్పుడు ఊడదీసిందీ నేనే. మా ఆవిడ అబద్ధం చెప్పింది. మీరు శిక్ష వేస్తే నాకు వెయ్యండి," అన్నాడు.

మేడమ్ పత్రాన్ని చూసింది. కళ్ళద్దాలు తీసి తాడుకి వేలాడదీసింది.

"ఇక్కడ శిక్షలుండవండీ," అంది నెమ్మదిగా. "నిబంధనలే."

అయినా లోపలికి తీసుకెళ్ళింది. వీళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఇంకా ముగ్గురు నలుగురు పిల్లలు ఫైళ్ళతో కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరూ ఒక్కో చోట నుంచి వచ్చినవాళ్ళు. ఒకమ్మాయి లోపల్నుంచి పరుగున వచ్చి తల్లిని వాటేసుకుంది. "అన్నీ ఒప్పుకున్నారమ్మా, ఒక్క సబ్జెక్టు రాస్తే చాలట!" అంది. జిరాక్సాయన ఆ పిల్లని చూసి, "మంచిదమ్మా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మేడమ్ బయటికి వచ్చినప్పుడు చెప్పకముందే తెలిసిపోయింది. ఆమె పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది, దెబ్బ తగిలిన పక్షిని తెచ్చినట్టు.

"ముద్ర చిరిగింది కాబట్టి ఆయన ఏమీ చెప్పలేనన్నారు. నా వల్ల అయినంత అడిగానమ్మా." పత్రం పిచ్చుక చేతికిచ్చి, "మొదటి సంవత్సరంలో సీటుంది. నీ స్కూలు మార్కులు మా కంప్యూటర్లోనే కనిపిస్తున్నాయి, వాటితో ఇచ్చేయొచ్చు. కానీ క్రెడిట్లు ఏవీ రావు. చదివిన సబ్జెక్టులే మళ్ళీ చదవాలి, రాసిన పరీక్షలే మళ్ళీ రాయాలి. రేపటిలోగా చెప్పు," అంది.

బయట మెట్ల మీద జిరాక్సమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"నీకు ఇష్టమేనా తల్లీ?"

"ఇష్టమా అని అడక్కమ్మా. చేరనా వద్దా అని అడుగు."

"చేరతావా?"

పిచ్చుక మెట్ల కిందకి చూసింది. అక్కడ వాళ్ళ నాన్న చొక్కా జేబులో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ, వాళ్ళకి వీపు చూపించి నిలబడ్డాడు. ఆయన మెడ వెనక జుట్టు ఎప్పుడు అంత నెరిసిందో ఇద్దరూ గమనించలేదు.

"చేరతాను," అంది. "ఇంకేం చెయ్యను? నాకు ఇంకోటి రాదు. చేరకపోతే ఆయన బతకడు."

"ఆయన కోసమైతే వద్దు."

"నా కోసమూ ఉందమ్మా. ఎక్కువ ఆయన కోసమే అనుకో," అని కళ్ళు తుడుచుకుని, "నాన్నా, బస్సొస్తోంది!" అని కేకేసింది.

*

తరగతులు మొదలైన రోజు సాయంత్రం పిచ్చుక ఇంటికొచ్చి, గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆయన షాపు పెందలాడే కట్టేసి వచ్చాడు. ఈ మధ్య ఆయన తక్కువ మాట్లాడుతున్నాడు. లామినేషన్‌కి ఎవరైనా వస్తే, "ఎందుకండీ, ఫైల్లో పెట్టుకోండి చాలు," అని పంపేస్తున్నాడని దర్జీ చెప్పాడు.

"ఎలా ఉంది?" అన్నాడు, కూతురికి కాస్త ఎడంగా కూర్చుంటూ.

"అందరూ నన్ను అక్కా అంటున్నారు. ఒకడైతే మేడమ్ అనుకుని లేచి నిలబడ్డాడు. కూర్చోరా బాబూ అన్నాను."

జిరాక్సమ్మ వంటింట్లోంచి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఏం చెప్పారు ఇవ్వాళ?"

"ఎముకలు. చేతి ఎముకలు."

"నీకు వచ్చినవేగా?"

"వచ్చినవే. సారు ఎవరికైనా తెలుసా అని అడిగారు. నేను చెయ్యెత్తలేదు."

"ఎందుకు ఎత్తలేదు?"

"ఎత్తితే ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు నాన్నా."

ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "నువ్వు అక్కడ చదువుతున్నప్పుడు ఫోన్లో తిన్నావా, పడుకున్నావా అనే అడిగాను. ఏం చదివావని ఎప్పుడూ అడగలేదు. నాకేం అర్థమవుతుందిలే అనుకునేవాణ్ణి. చెప్పు, వింటాను," అన్నాడు.

"ఏం చెప్పను?"

"వాళ్ళు చెప్పిందే."

పిచ్చుక దగ్గరికి జరిగింది. తన ఎడమ చేతిని చాపి, కుడి చేతి వేలితో చూపిస్తూ మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర చిన్న చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయంది. ఒక్కోదానికీ పేరుంది, ఒకటి పడవలా ఉంటుంది, ఒకటి చంద్రవంకలా ఉంటుందంది. ఆయన తన చెయ్యి కూడా చాపి, చర్మం మీద నుంచే తడుముకుంటూ, "ఇదా? ఇక్కడా?" అని అడుగుతున్నాడు. పిచ్చుక ఎక్కడా తడుముకోవడం లేదు, ఎక్కడా ఆగడం లేదు. ఒక్కో పేరూ చెబుతోంది, ఎప్పుడో పాసైపోయిన పాఠం గొంతుతో.

జిరాక్సమ్మ పొయ్యి మీద కూర అడుగంటుతోందని తెలిసీ గరిటె పెట్టలేదు. గరిటె చప్పుడుకి ఆ గొంతు ఆగిపోతుందేమోనని మంట తగ్గించి, తలుపు పక్కన నిలబడి, కూతురు చెబుతున్న పేర్లన్నీ చివరిదాకా వింది.